గ్రహాల యుతి: ఎంత దగ్గర అని అడిగే ముందు

2000 సంవత్సరం మే నెలాఖరులో గురువు, శని కలిశాయి. ఇరవై ఏళ్లకోసారి వచ్చే యుతి అది. కానీ ఆ జంట సూర్యుడికి 15 డిగ్రీల దూరంలోనే ఉండడంతో తెల్లవారుజాము వెలుగులో మునిగిపోయింది. పట్టుదలగా వెతికినా దొరకడం కష్టమైంది. 2020 డిసెంబరు 21న అవే రెండు గ్రహాలు మళ్లీ కలిశాయి. ఈసారి సూర్యుడికి 30 డిగ్రీల ఎడంగా ఉన్నాయి. పొద్దుగుంకాక పడమటి ఆకాశంలో ఏ పరికరమూ లేకుండా కనిపించాయి. యుతి గురించి ప్రకటనలు వచ్చినప్పుడు రెండు గ్రహాల మధ్య దూరం ఎంత అన్నదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ దృశ్యం కంటికి దక్కుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఆ జంటకూ సూర్యుడికీ మధ్య ఉన్న దూరమే తేలుస్తుంది.

యుతిలో గ్రహాలు నిజంగా దగ్గరకు రావు. భూమి మీది నుంచి చూస్తే ఇంచుమించు ఒకే దిశలో పడతాయి, అంతే. 2020 యుతి నాడు గురువు భూమికి దాదాపు 88 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, శని దాదాపు 162 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ ఆ గ్రహాల మధ్య 70 కోట్ల కిలోమీటర్లకు పైగా శూన్యం ఉంది. ఆకాశంలో కొలిచేది కోణాన్ని. డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ. నిండు చందమామ వెడల్పు సుమారు 30 కళలు. సప్తర్షి మండలంలో వసిష్ఠుడికీ అరుంధతికీ మధ్య దూరం సుమారు 12 కళలు. 2020లో గురు శనుల మధ్య మిగిలింది 6 కళలే, అంటే అరుంధతీ వసిష్ఠుల ఎడంలో సగం.

తేదీ విషయంలోనే మొదటి చిక్కు

ఒకే యుతికి వేర్వేరు చోట్ల వేర్వేరు తేదీలు కనిపిస్తే అందులో ఏదో తప్పని అనుకోనక్కర్లేదు. యుతికి నిర్వచనాలు రెండు వాడుకలో ఉన్నాయి. క్రాంతివృత్తం, అంటే ఏడాది పొడవునా ఆకాశంలో సూర్యుడు నడిచే దారి, దాని వెంబడి కొలిచే రేఖాంశం రెండు గ్రహాలకూ సమానమైన క్షణం ఒకటి. ఖగోళ మధ్యరేఖ, అంటే భూమధ్యరేఖను ఆకాశం దాకా చాచితే పడే గీత, దాని వెంబడి కొలిచే విషువాంశ సమానమైన క్షణం రెండోది. ఈ రెండు కొలతల దిశలు ఒకదానికొకటి వాలుగా ఉంటాయి కాబట్టి క్షణాలు కలవవు. 2000లో రేఖాంశం లెక్కన గురు శనుల యుతి మే 28న జరిగింది, విషువాంశ లెక్కన మే 31న. గ్రహాల మధ్య ఎడం పెద్దదైతే ఈ తేడా రోజుల్లోకి వెళుతుంది. ఎడం చిన్నదైతే గంటల్లో ముగుస్తుంది.

చూసేవాళ్లకు నిజానికి కావలసింది మూడోది: రెండింటి మధ్య కోణం అత్యల్పమైన క్షణం. రెండు గ్రహాల విషువాంశ, క్రాంతి (ఖగోళ మధ్యరేఖకు ఎంత పైన లేదా కింద ఉందన్న కోణం) తెలిస్తే ఏ క్షణానికైనా ఆ కోణాన్ని చేత్తోనే లెక్క కట్టవచ్చు. విషువాంశను కాలంలో చెబుతారు. ఉదాహరణకు విషువాంశల తేడా 1 నిమిషం 20 సెకన్లు అనుకుందాం. కాలాన్ని కోణంగా మార్చడానికి 15తో గుణిస్తే 20 కళలు. గ్రహాల క్రాంతి 20 డిగ్రీలైతే దాని కొసైను 0.94, గుణిస్తే 18.8 కళలు. క్రాంతుల తేడా 10 కళలు అనుకుంటే, ఈ రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం 21.3 కళలు. అదే అసలు దూరం. 15తో గుణించడం మరచిపోవడం, కొసైనుతో తగ్గించకపోవడం తరచుగా జరిగే పొరపాట్లు. ఎడం రెండు మూడు డిగ్రీల లోపు ఉంటే ఈ సులువు పద్ధతి చాలు.

ఈ దూరాలను తరగతులుగా విడదీయడం కొత్తదేమీ కాదు. ప్రాచీన భారతీయ ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలోని గ్రహయుతి అధ్యాయం తారాగ్రహాల (బుధ, శుక్ర, కుజ, గురు, శనుల) కలయికను అవి ఎంత దగ్గరకొచ్చాయన్నదాన్ని బట్టి వేరు చేసింది. బింబాలు తాకితే ఉల్లేఖం, ఒకదాన్నొకటి కప్పితే భేదం, కిరణాలు కలిసిపోతే అంశువిమర్దం. దూరం డిగ్రీ కన్నా తక్కువైతే అపసవ్యం, ఎక్కువైతే సమాగమం. టెలిస్కోప్ లేని కాలంలో ఒక డిగ్రీని గీటుగా పెట్టుకోవడం మంచి పరిశీలకుల పని అనిపిస్తుంది. ఈనాటికీ డిగ్రీ లోపలికి వచ్చిన యుతినే పరిశీలకులు ప్రత్యేకంగా పట్టించుకుంటారు.

కలుస్తాయి సరే, కప్పుకోవేం?

గ్రహాల కక్ష్యలన్నీ ఇంచుమించు ఒకే తలంలో ఉంటాయి. భూకక్ష్యతో పోలిస్తే గురువు కక్ష్య వాలు 1.3 డిగ్రీలు, అంగారకుడిది 1.85, శనిది 2.5, శుక్రుడిది 3.4, బుధుడిది 7. అందుకే గ్రహాలన్నీ ఆకాశంలో ఒకే బాట పట్టి నడుస్తాయి, తరచుగా ఒకదాన్నొకటి దాటుతాయి. ఈ వాలులు పూర్తిగా సున్నా అయివుంటే ప్రతి యుతిలోనూ ముందు గ్రహం వెనక గ్రహాన్ని కప్పేసేది. వాలు ఉంది కాబట్టి సాధారణంగా ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోతాయి.

గురు శనుల జంటలో ఈ లెక్క చక్కగా కనిపిస్తుంది. సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి గురువుకు 11.86 ఏళ్లు, శనికి 29.46 ఏళ్లు. 1ని 11.86తో భాగించి, అందులోంచి 1ని 29.46తో భాగించగా వచ్చిన దాన్ని తీసేసి, మిగిలినదాన్ని తిరగేస్తే 19.86 ఏళ్లు వస్తాయి. గురువు శనిని దాటడానికీ మళ్లీ దాటడానికీ మధ్య సగటు కాలం ఇది. ఆ వ్యవధిలో శని దాదాపు 243 డిగ్రీలు జరుగుతుంది. అంటే వరుసగా మూడు యుతులు ఆకాశంలో ఇంచుమించు సమత్రిభుజం గీస్తాయి. నాలుగోది మొదటి మూలకు తిరిగొస్తుంది, కాకపోతే 8 డిగ్రీలకు కాస్త ఎక్కువ ముందుకు జరిగి. ఈ రెండు కక్ష్యల తలాలు ఒకదాన్నొకటి కోసుకునే చోటు, అంటే పాతం, ఆ త్రిభుజంలో ఏ మూలకు దగ్గరపడితే ఆ మూలలో జరిగే యుతులు సన్నిహితంగా ఉంటాయి. 1961, 2020, 2080 ఒకే మూలకు చెందినవి. వాటిలో ఎడం వరుసగా సుమారు 14, 6, 6 కళలు. మధ్యలో 2000 నాటి యుతి వేరే మూలలో పడింది, ఎడం డిగ్రీ దాటింది. 2040 అక్టోబరు 31 నాటిదీ అంతే. 2020 కన్నా దగ్గరగా గురు శనులు కలిసిన సందర్భం కోసం 1623 జులై 16 దాకా వెనక్కి వెళ్లాలి. అప్పుడు ఎడం 5 కళలు. కానీ అదీ సూర్యుడికి బాగా దగ్గరగా జరిగింది. తేలిగ్గా కంటికి కనిపించిన అంతటి సన్నిహిత యుతి కావాలంటే 1226 మార్చి 4 వరకు పోవాల్సిందే.

ఒకే ఏడాదిలోపు మూడుసార్లు కలవడం కూడా ఉంది. యుతి జరిగే రోజుల్లో ఆ గ్రహాలు సూర్యుడికి ఎదురుగా ఉంటే, లోపలి కక్ష్యలో వేగంగా తిరిగే భూమి వాటిని దాటిపోతుంది. అప్పుడు రెండూ వక్రగతిలో వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాయి. గురువు శనిని ఒకసారి దాటుతుంది, వక్రించి వెనక్కి దాటుతుంది, తిరిగి ముందుకు నడిచి మూడోసారి దాటుతుంది. గురు శనుల విషయంలో ఇది 1940–41లోనూ, 1980–81లోనూ జరిగింది. మళ్లీ 2238–39లో జరుగుతుంది.

ఒక్క రోజు మబ్బు పట్టితే ఏమవుతుంది?

ప్రణాళిక వేసుకునేటప్పుడు ఈ ప్రశ్నకు జవాబు జంటను బట్టి మారుతుంది. దీన్ని ముందే లెక్క కట్టుకుంటే చాలా నిరాశ తప్పుతుంది. 2020 డిసెంబరులో గురువు రోజుకు సుమారు 13 కళలు, శని సుమారు 6 కళలు జరుగుతున్నాయి. తేడా రోజుకు 6, 7 కళలే. కాబట్టి ఒక రోజు ముందో వెనకో చూసినా ఎడం 9 కళల దగ్గర ఉండేది. ఆ దృశ్యం ఒక వారం పాటు నిలిచింది.

శుక్రుడు, గురువు కలిస్తే సంగతి వేరు. శుక్రుడు రోజుకు డిగ్రీకి పైగా నడుస్తాడు. 2016 ఆగస్టు 27న ఈ రెంటి మధ్య దూరం 4 కళలకు తగ్గింది. మరుసటి సాయంకాలానికి అది డిగ్రీ దగ్గరకు పెరిగింది. అంతకన్నా ముఖ్యంగా, అత్యల్ప దూరం ఉన్న క్షణం ఒకటే అయినా ఆ క్షణాన ఎవరి ఆకాశం చీకటిగా ఉందో వాళ్లకే ఆ 4 కళలు కనిపించాయి. పది పన్నెండు గంటల తర్వాత సంధ్య చూసినవాళ్లకు చంద్రబింబం వెడల్పంత ఎడం కనిపించింది. ఇలాంటి జంట కోసం అంతర్జాతీయ కాలంలో ఇచ్చిన గంటను స్థానిక కాలంలోకి మార్చుకోవడం తప్పనిసరి. ఆ మార్పులో తేదీ కూడా మారవచ్చు. ఈ తేదీ పొరపాటు వల్ల యుతి చూడకుండా పోవచ్చు.

చంద్రుడి దగ్గరికొస్తే లెక్క గంటల్లోకి దిగుతుంది. చంద్రుడు గంటకు దాదాపు అర డిగ్రీ, అంటే తన వెడల్పంత జరుగుతాడు. పైగా చంద్రుడు భూమికి ఎంతో దగ్గర కాబట్టి, భూమి మీద ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి నక్షత్రాల మధ్య చంద్రుడి స్థానం డిగ్రీ దాకా పక్కకు జరిగి కనిపిస్తుంది. పట్టికల్లో ఇచ్చే చంద్ర యుతి దూరం చాలావరకు భూకేంద్రం నుంచి లెక్కించినది. భూకేంద్రంలో నిలబడి ఎవరూ చూడరు. పట్టికలో 40 కళలు అని ఉన్న యుతి ఒక ఊళ్లో చంద్రుడు గ్రహాన్ని పూర్తిగా కప్పే ఆచ్ఛాదనంగా, ఇంకొక ఖండంలో డిగ్రీన్నర ఎడంగా కనిపించవచ్చు. కాబట్టి చంద్రుడి యుతికి తమ అక్షాంశ రేఖాంశాలతో లెక్కించిన అంకెనే నమ్మాలి.

చంద్రుడి కక్ష్య వాలు 5 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. అందువల్ల ప్రకాశవంతమైన నక్షత్రాల్లో నాలుగే చంద్రుడి దారిలో పడతాయి: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. చంద్రపాతాలు 18.6 ఏళ్లలో ఒక చుట్టు తిరుగుతాయి కాబట్టి ఈ ఆచ్ఛాదనాలు వరుసలుగా వస్తాయి. 2015 జనవరి నుంచి 2018 సెప్టెంబరు వరకు చంద్రుడు ప్రతి చుట్టులోనూ రోహిణిని భూమి మీద ఎక్కడో ఒకచోట కప్పాడు. ఆ తర్వాత వరుస ఆగిపోయింది.

కనిపిస్తుందా? కాలాంశల కొలత

దీనికి పాత లెక్కే ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. సూర్యసిద్ధాంతం గ్రహాల మౌఢ్యానికి, అంటే సూర్యుడి వెలుగులో మునిగి కనిపించకపోవడానికి, హద్దులు కాలాంశల్లో ఇచ్చింది. ఒక కాలాంశ అంటే 4 నిమిషాలు. శుక్రుడికి 8 లేక 10, గురువుకు 11, బుధుడికి 12 లేక 14, శనికి 15, అంగారకుడికి 17. నిమిషాల్లోకి మారిస్తే, సూర్యాస్తమయానికీ గ్రహాస్తమయానికీ మధ్య శుక్రుడికి 32 నుంచి 40 నిమిషాలు, గురువుకు 44, శనికి గంట, అంగారకుడికి 68 నిమిషాలు కనీసం ఉండాలి. తెల్లవారుజామున అయితే రెండు ఉదయాల మధ్య అంత వ్యవధి కావాలి. జంటలో మసకగా ఉన్న గ్రహం హద్దునే తీసుకోవాలి. 2000 నాటి గురు శనుల జంట ఎందుకు దొరకలేదో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది: శని ఇంచుమించు తన హద్దు మీద ఉంది.

ఈ హద్దుల వెనక రెండు కారణాలున్నాయి. సంధ్య వెలుగు ఒకటి. దిగంతం దగ్గర గాలి మందం రెండోది. నడినెత్తిన ఉన్నప్పుడు కాంతి దాటే గాలిని ఒక వంతు అనుకుంటే, 10 డిగ్రీల ఎత్తులో అయిదున్నర వంతులు, 5 డిగ్రీల ఎత్తులో దాదాపు 10 వంతులు దాటాలి. 5 డిగ్రీల దగ్గర గ్రహం రెండు మూడు ప్రకాశ తరగతులు కోల్పోతుంది, అంటే 6 నుంచి 16 రెట్లు మసకబారుతుంది. శుక్రుడు దాన్ని తట్టుకుంటాడు. శని, అంగారకుడు తట్టుకోలేవు.

సూర్యుడి నుంచి దూరం ఒకటే అయినా దిగంతం మీద ఎత్తు ఒకటే కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. క్రాంతివృత్తం దిగంతానికి నిటారుగా నిలబడితే ఆ దూరమంతా ఎత్తవుతుంది. ఏటవాలుగా పడుకుంటే గ్రహం పక్కకు జరుగుతుందే తప్ప పైకి లేవదు. ఉత్తర సమశీతోష్ణ ప్రాంతాల్లో వసంత సాయంకాలాలు, శరత్కాలపు తెల్లవారుజాములు అనుకూలం. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట ఏడాది పొడవునా కోణం బాగానే ఉంటుంది.

స్టెల్లేరియం వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా పది నిమిషాల పని. ఎఫ్6 నొక్కి ఊరు సరిచూడాలి, ఎఫ్5తో తేదీ, సమయం పెట్టాలి. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందకు దిగే వరకు సమయాన్ని జరిపి, అప్పుడు జంట ఎత్తు చదవాలి. 8 డిగ్రీలకు తక్కువైతే చెట్లూ భవనాలూ అడ్డులేని దిగంతం వెతుక్కోక తప్పదు. ఎఫ్10తో తెరుచుకునే ఖగోళ గణన కిటికీలో రానున్న యుతుల జాబితా కూడా తీసుకోవచ్చు. అక్కడి జాబితాలో సూర్యుడి నుంచి దూరం ఉన్న గడిని ముందు చదవడం అలవాటు చేసుకుంటే సగం యుతులు వాటంతటవే వడపోతకు పోతాయి.

కంటితో, బైనాక్యులర్స్‌తో, కెమెరాతో

చెయ్యి చాచి చూస్తే చిటికెనవేలు వెడల్పు ఒక డిగ్రీ, మధ్య మూడు వేళ్లు 5 డిగ్రీలు, పిడికిలి 10 డిగ్రీలు. మంచి కన్ను సమాన ప్రకాశం ఉన్న రెండు చుక్కలను 3, 4 కళల ఎడంలోనూ విడదీయగలదు. ఒకటి శుక్రుడంత ప్రకాశంగా, రెండోది దానికి ఆరోవంతుగా ఉన్నప్పుడు 5 కళలు కూడా కష్టం కావచ్చు. చిన్నదాన్ని పెద్దదాని మెరుపు మింగేస్తుంది. అలాంటప్పుడు ఆకాశం పూర్తిగా చీకటి పడే దాకా ఆగకుండా, ఇంకా కాస్త వెలుగుండగానే చూస్తే మెరుపు తగ్గి రెండూ విడిగా కనిపిస్తాయి.

10×50 బైనాక్యులర్స్ 6 డిగ్రీల మేర చూపిస్తాయి. యుతికి ఇంతకన్నా సుఖమైన పరికరం లేదు. టెలిస్కోప్ అయితే లెక్క చూసుకోవాలి: 1200 మి.మీ. నాభ్యంతరానికి (ఫోకల్ లెంగ్త్) 25 మి.మీ. ఐపీస్, అంటే కంటి దగ్గరి కటకం, పెడితే 48 రెట్లు పెద్దదవుతుంది. ఐపీస్ సొంత చూపు మేర 50 డిగ్రీలైతే 50ని 48తో భాగించగా కనిపించే మేర డిగ్రీ చిల్లర. ఎడం దానికన్నా చిన్నదైతేనే రెండూ ఒకే చూపులో పడతాయి. ఇక్కడ ఒక్క జాగ్రత్త విషయంలో మాత్రం ఏ సడలింపూ వద్దు: సూర్యుడు పూర్తిగా మునిగాకే ఏ లెన్సునైనా ఆ దిక్కుకు తిప్పాలి. తెల్లవారుజామున అయితే సూర్యోదయానికి పది నిమిషాల ముందే ఆపేయాలి. బైనాక్యులర్స్‌లో సూర్యుడు క్షణం పడినా కన్ను శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఫోటోలో నెలవంక పక్కన శుక్రుణ్ని పట్టాలంటే ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ 400, ఎఫ్/4, అర సెకను నుంచి రెండు సెకన్ల మధ్య అనేక ఎక్స్‌పోజర్లు తీసి ఎంచుకోవడం మంచిది. నెలవంక లోపలి బూడిదరంగు భూకాంతి కావాలంటే ఎక్కువ సమయం, నెలవంక అంచు తెగకుండా ఉండాలంటే తక్కువ సమయం. రెండూ ఒకే బొమ్మలో సరిగా రావు. 50 మి.మీ. లెన్సుతో ఆరేడు సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. 200 మి.మీ. లెన్సుతో చంద్రబింబం సెన్సార్ మీద 1.8 మి.మీ. వెడల్పే వస్తుంది. దీన్ని ముందే తెలుసుకుంటే ఎంత దగ్గర జంటకు ఎంత లెన్సు కావాలో ఊహించవచ్చు. చాలా బొమ్మలు పాడయ్యేది ఆటోఫోకస్ వల్ల. తెర మీద గ్రహాన్ని పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేసి, రెండు సెకన్ల టైమరుతో తీయాలి.

యుతి వల్ల భూమికి ఏదో జరుగుతుందన్న భయం అప్పుడప్పుడు లేస్తుంది. 1962 ఫిబ్రవరి 5న సూర్యచంద్రులతో పాటు బుధ, శుక్ర, కుజ, గురు, శని గ్రహాలు 17 డిగ్రీల లోపు చేరినప్పుడు అలాగే భయపడ్డారు. లెక్క చూస్తే, ఆటుపోట్లు లేపే శక్తి ద్రవ్యరాశిని దూరం ఘనంతో భాగిస్తే వస్తుంది. శుక్రుడు భూమికి అతి దగ్గరగా ఉన్నప్పుడు కూడా ఆ శక్తి చంద్రుడి శక్తిలో దాదాపు 19 వేలవ వంతు. గురువుది లక్షా డెబ్భై వేలవ వంతు. పైగా అయిదు గ్రహాలు సూర్యుడి దిక్కున గుంపుగా ఉన్నాయంటే వాటిలో కుజ, గురు, శనులు సూర్యుడికి అవతల, భూమికి బాగా దూరంగా ఉన్నట్టే.

శాస్త్రానికి ఈ కలయికలు ఇచ్చినవి మాత్రం తక్కువేమీ కాదు. 1612 డిసెంబరులో గెలీలియో గురువు ఉపగ్రహాలను గీస్తూ పక్కన ఒక నక్షత్రాన్ని గుర్తు పెట్టాడు. అది నెప్ట్యూన్. ఆ గ్రహాన్ని గ్రహంగా గుర్తించడానికి 1846 దాకా ఆగాల్సి వచ్చింది. 1962 ఆగస్టులో 3సీ 273 అనే రేడియో మూలాన్ని చంద్రుడు కప్పిన క్షణాన్ని ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌తో కొలిచి దాని స్థానాన్ని కచ్చితంగా పట్టుకున్నారు. మరుసటి ఏడాది మొదటి క్వేజార్ (నక్షత్రంలా కనిపించే అతి దూరపు గెలాక్సీ కేంద్రం) గుట్టు దానితోనే విడింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని దాటుతుంటే ఆ చుక్క ముందూ వెనకా పలుమార్లు మిణుకుమంది. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని అలా బయటపడింది.

ఒక గ్రహం మరో గ్రహాన్ని కప్పడం వీటన్నిటికన్నా అరుదు. 1737 మే 28న శుక్రుడు బుధుణ్ని కప్పగా గ్రీనిచ్‌లో జాన్ బెవిస్ చూశాడు. 1818 జనవరి 3న శుక్రుడు గురువును కప్పాడు. ఈ రెండు గ్రహాలకు మళ్లీ ఆ ఘట్టం 2065 నవంబరు 22న ఉంది. శుక్రుడు గురుబింబం మీదుగా నడుస్తాడు, ఎడం సున్నా. సూర్యుడి నుంచి ఆ జంట దూరం సుమారు 8 డిగ్రీలు.